ఏకగ్రీవం ఎవరి మెడ? భీమవరం పేటల నుంచి పోటీ లేని పంచాయతీల చరిత్ర

గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఒకే మెడ. ఊరంతా ఒకే గొంతుతో మాట్లాడిందని చెప్పడానికి ఈ మాట వాడుతున్నాం. పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ఈ మాట పండగ కబురులాగా వస్తుంది. ఫలానా ఊళ్లో పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు, పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకున్నారు, ఊరు ఐక్యత చాటుకుంది అని రాస్తారు. పెద్దలెవరో ఆ వార్తలో ఉంటుంది. ఎక్కడ కూర్చున్నారో కూడా ఉంటుంది, రామాలయం దగ్గరో, రావిచెట్టు అరుగు మీదో. ఆ అరుగు మీద పేటవాళ్లు కూర్చున్నారా, కింద నిలబడ్డారా, అసలు పిలుపే అందలేదా అన్నది మాత్రం ఉండదు. ఆ రాయని సంగతి గురించే ఈ వ్యాసం.

మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఏకగ్రీవమంటే పోటీ లేకపోవడం కాదు. ఆ పోటీ నామినేషన్ గడువు ముగిసేలోగానే, మనకి చోటు లేని అరుగు మీద తేలిపోవడం. ఏ అరుగు మీద ఊరు ఒక్కమాటకి వచ్చి సర్పంచి ఎవరో తేలుస్తుందో, అదే అరుగు మీద ఒక్కమాటకి వచ్చి మనల్ని వెలి కూడా వేస్తుంది. ఈ రెండో సంగతిని భీమవరం పక్కన 2017లో దేశమంతా చూసింది. అందుకే మొదటి సంగతిని అమాయకంగా చూడ్డానికి వీల్లేదంటున్నాం.

నాలుగు రోజుల్లో తేలే ఎన్నిక

ముందు దగ్గరి చరిత్ర చూద్దాం. ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టు మొదట్లో ముగిసింది. గడువు తీరకముందే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం చెబుతోంది. పెట్టలేదు. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులే పంచాయతీల్ని నడిపారు. ఆఖరికి ప్రభుత్వానికీ రాష్ట్ర ఎన్నికల సంఘానికీ మధ్య కోర్టుల దాకా వెళ్లిన తగాదా తర్వాత 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగాయి. భీమవరం అప్పటికి ఇంకా జిల్లా కేంద్రం కాలేదు. నరసాపురం రెవెన్యూ డివిజన్‌లో ఉంది. ఆ డివిజన్ పంచాయతీలు మొదటి విడతలోనే వచ్చాయి.

మొదటి విడత క్యాలెండరు చూడండి. నామినేషన్లు జనవరి 29 నుంచి 31 దాకా. పరిశీలన ఫిబ్రవరి 1. ఉపసంహరణకి ఆఖరు గడువు ఫిబ్రవరి 4 మధ్యాహ్నం 3 గంటలు. పోలింగు 9న. పోలింగు రోజు గురించి అందరూ రాస్తారు. మా దృష్టిలో డెల్టా పల్లెల అసలు ఎన్నిక ఫిబ్రవరి 1కీ 4కీ మధ్య జరుగుతుంది. ఎవరి ఇంటికి ఎవరు కబురు పెట్టారు, ఎవరి కౌలు సంగతి ఎవరు గుర్తు చేశారు, ఎవరి అప్పు కాగితం బయటికి తీశారు, ఎవరి కొడుకు చెరువు మీద కాపలా పని ఉంటుందా ఊడుతుందా అన్న మాటలన్నీ ఆ నాలుగు రోజుల్లోనివే. వాటికి రికార్డు లేదు. ఎన్నికల అధికారి దగ్గర మిగిలేది ఉపసంహరణ పత్రం, దాని మీద ఒక సంతకం. కారణం రాయాల్సిన గడి ముఖ్యం కాదు. అభ్యర్థి తన ఇష్టంతోనే తప్పుకున్నట్టు లెక్క.

ఆ ఎన్నికల్లో ప్రభుత్వం ఏకగ్రీవాలకి రేటు కట్టింది. 2021 జనవరి చివర్లో పత్రికల నిండా ప్రకటనలిచ్చింది. 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షలు, 5 వేల లోపైతే 10 లక్షలు, 10 వేల లోపైతే 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. ఇది ఆ ఒక్క ప్రభుత్వం కనిపెట్టిందేమీ కాదు. అంతకు ముందు పార్టీలూ నజరానాలిచ్చాయి. 2001లో గుజరాత్ ప్రభుత్వం సమరస్ పేరుతో ఇదే పథకం పెట్టి, వినోబా భావే ఆదర్శాన్ని చెప్పుకుంది. పార్టీలు మారినా ఈ ఆశ మారలేదు.

లెక్క వేసి చూద్దాం. 2 వేల మంది ఉన్న ఊరికి 5 లక్షలంటే తలకి 250 రూపాయలు. సర్పంచి పదవీకాలం అయిదేళ్లు. ఏడాదికి 50. నెలకి నాలుగు రూపాయల చిల్లర. 10 వేల మంది ఉన్న ఊరికి 15 లక్షలంటే తలకి 150, నెలకి రెండున్నర రూపాయలు. ఓటు అడక్కుండా ఉండేందుకు రాజ్యం ఒక మనిషికి కట్టిన ధర ఇది. ఎన్నికలప్పుడు ఓటుకి నోటు తీసుకున్నందుకు పేదవాణ్ణి ఎగతాళి చేసేవాళ్లు, ఓటు వద్దని ఊరికి నోటు ఇచ్చిన ప్రభుత్వాన్ని ఏమంటారు?

అయినా జనం ఏం చేశారు? మొదటి విడతలో 3,249 పంచాయతీలకి గాను 525 ఏకగ్రీవమయ్యాయి. నాలుగు విడతలూ కలిపితే 13 వేల పైచిలుకు సర్పంచి స్థానాల్లో 2,197. అంటే ఆరింటిలో ఒకటి. మిగతా అయిదు ఊళ్లు డబ్బు వద్దనుకుని పోటీకి దిగాయి. ప్రతి విడతలోనూ నూటికి ఎనభై మందికి పైగా ఓటేశారు. పల్లె జనానికి ఎన్నికలంటే విసుగు అనేవాళ్లకి ఈ అంకెలే జవాబు. జనం విసిగింది ఎన్నికలతో కాదు.

అదే ఏడాది మార్చిలో మున్సిపల్ ఎన్నికలు జరిగితే పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్లలో వార్డులన్నీ పోటీ లేకుండానే అయిపోయాయి. వేల ఓటర్లున్న ఊళ్లలో ఒక్క వార్డులోనూ రెండో మనిషి మిగల్లేదు. అది ఐక్యతా, భయమా అన్నది పాఠకులే ఆలోచించుకోవాలి.

చద్దిమూట మోసిందెవరు

పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ మూట మోసింది మన తాతలు. మాట పెద్దలది, మూట మనది. ఈ పంపకం డెల్టాలో ఎలా ఏర్పడిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువల కింద భూమికి విలువ వచ్చింది. ఆ విలువ భూమి ఉన్న కొద్ది కులాల చేతికి పోయింది. ఆ భూమిని దున్ని, ఊడ్చి, కోసి, నూర్చినవాళ్లు పేటల్లోనే ఉండిపోయారు. పాలేరుగా, ఆ తర్వాత కూలీగా, ఇంకా తర్వాత కౌలుదారుగా. మన కౌళ్లు చాలా మటుకు నోటి మాట మీద నడిచేవే. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం కౌలుదారుకి కాగితం ఇస్తామన్నాయి. 2019 చట్టంలో భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెట్టేవాడు పెద్దమనిషే అయినప్పుడు కౌలుదారు నామినేషన్ పత్రం మీద కూడా పెద్దమనిషి నీడ పడుతుంది. ఇది ఎన్నికల చట్టంలో ఎక్కడా రాసి ఉండదు. డెల్టాలో ఎన్నికల చట్టం కంటే కౌలు మాటే ముందు నడుస్తుంది.

స్థానిక సంస్థల్లో మనకి మొదట దొరికింది ఎన్నిక కాదు, నియామకం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 నాటి స్థానిక బోర్డుల చట్టం కాలంలో ఆది ఆంధ్రుల్ని ప్రభుత్వం నామినేట్ చేసేది. అది కూడా లేని రోజుల మీద అదొక ముందడుగే. కానీ నియమించినవాడికే సభ్యుడు జవాబు చెప్పుకోవాలి. మర్నాడు కుర్చీ ఉండాలంటే పేట మెప్పు అక్కర్లేదు, పైవాడి మెప్పు కావాలి. ఈ సంగతి బాబాసాహెబ్ అంబేద్కర్ చాలా ముందే పట్టుకున్నారు. 1928లో సైమన్ కమిషన్ ముందు నామినేషన్ పద్ధతి వద్దన్నారు, ఎన్నిక కావాలన్నారు. 1932 అక్టోబరులో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లు మీద మాట్లాడుతూ, కులాలుగా చీలిన ఊళ్లో పంచాయతీకి అధికారాలిచ్చే ముందు అణగారిన వర్గాలకి అందులో ప్రాతినిధ్యం గ్యారంటీ చెయ్యాలని పట్టుబట్టారు.

ఆ తేదీ గమనించండి. అప్పటికి పూనా ఒడంబడిక మీద సంతకాలు జరిగి కొద్ది రోజులే అయింది. 1932 సెప్టెంబరు 24 నాటి ఆ ఒడంబడికలో ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి, ఉమ్మడి నియోజకవర్గాల్లో 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. కానీ ఒక చిన్న రక్షణ మిగిలింది. ప్రతి రిజర్వుడు సీటుకీ ముందు దళిత ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో నలుగుర్ని ఎంచుకోవాలి. ఆ నలుగురిలోంచే అందరూ కలిసి ఒకర్ని గెలిపించాలి. ఆఖరి మాట ఊరిదే అయినా మొదటి మాట మనది. రాజ్యాంగం వచ్చాక ఆ మొదటి మాట కూడా పోయింది. ఇవాళ రిజర్వుడు పంచాయతీలో పేటకి ప్రత్యేకంగా ఎంచుకునే దశ ఏదీ లేదు. మిగిలింది ఒక్కటే: ఒకరికంటే ఎక్కువమంది దళితులు నిలబడితే, వాళ్లలో ఎవరు మనవాళ్లో ఎవరు పెద్దల మనిషో తేల్చుకునే పోలింగు రోజు. ఏకగ్రీవం ఆ ఒక్క రోజుని కూడా తీసేస్తుంది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లె గురించి చెప్పిన కఠినమైన మాటలు అందరికీ తెలుసు. ఆ మాటల మీద కోపంతోనే చాలామంది సభ్యులు మాట్లాడారు. అదే నెలలో పంచాయతీలకి సంబంధించిన 40వ అధికరణం చేరింది. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ని ప్రారంభించారు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. పదవులు పోయాయి, పెత్తనం మాత్రం ఆ ఇళ్లనీ ఆ అరుగులనీ వదల్లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. జనాభా దామాషాలో ఎస్సీ, ఎస్టీలకి సీట్లే కాదు, అధ్యక్ష పదవులు కూడా రాజ్యాంగ హక్కయ్యాయి. రాష్ట్రంలో 1994 చట్టం వచ్చింది. 1995లో దాని కింద మొదటి ఎన్నికలు జరిగాయి. మన పేటల్లోంచి సర్పంచులు వచ్చారు.

సరిగ్గా అక్కడే అరుగు కొత్త విద్య నేర్చుకుంది. జనరల్ సీటయితే ఊళ్లో రెండు పెద్ద ఇళ్లు, రెండు పార్టీలు పట్టుదలకి పోతాయి, పోటీ ఉంటుంది. సీటు ఎస్సీకి రిజర్వయితే ఆ రెండు ఇళ్లకీ ఒక్కసారిగా ఐక్యత గుర్తొస్తుంది. ఎలాగూ మనవాడు కూర్చునేది కాదు, ఖర్చెందుకు, చెప్పినట్టు వినేవాణ్ణి చూద్దాం అంటారు. పాలేరో, పాలేరు భార్యో, చదువు రాని పెద్దావిడో సర్పంచి అవుతారు. ఉపసర్పంచి పెద్దింటి నుంచి వస్తాడు. కుర్చీ ఒకరిది, కలం ఇంకొకరిది. మా ఇళ్లల్లో మొదటగా యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం మేం. పంచాయతీ మినిట్స్ పుస్తకాలు చూస్తుంటే తీర్మానాల కింద మా అమ్మలాంటివాళ్ల వేలిముద్రలు కనిపిస్తాయి. పైన ఏం రాశారో ఆ వేలిముద్ర వేసిన మనిషికి ఎవరైనా చదివి వినిపించారా అన్నది పుస్తకం చెప్పదు. ఆ తల్లులది తప్పు అనడం లేదు. ఎంచుకున్నదే వాళ్లకి చదువు రాదని గనక.

గరగపర్రు చెప్పిన పాఠం

పాలకోడేరు మండలం గరగపర్రు భీమవరానికి దగ్గర్లోనే ఉంది. ఊరి చెరువు గట్టున ఇతర నాయకుల విగ్రహాలున్నాయి. వాటి పక్కన అంబేద్కర్ విగ్రహం పెట్టాలని దళితులు కోరుకున్నారు. 2017 ఏప్రిల్ చివర్లో విగ్రహం పెట్టారు. దాన్ని అక్కడ ఉండనివ్వలేదు. దళితులు రోడ్డెక్కి అడిగారు. ఆ తర్వాత ఊళ్లోని దళితేతర కులాలు ఒక్కటై పేటని వెలివేశాయి. కూలి పనులకి పిలవడం మానేశారు. కౌలుకిచ్చిన భూములు వెనక్కి తీసుకున్నారు. ఊళ్లో సరుకూ సాయమూ అందకుండా చేశారు. వారాల తరబడి ఇది నడిచాక జూన్‌లో బయటి ప్రపంచానికి తెలిసింది. సంఘాలు, పార్టీలు, కమిషన్లు వచ్చాయి. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు, అరెస్టులు జరిగాయి.

దీన్ని విగ్రహం గొడవగానే చూస్తే సగమే చూసినట్టు. వెలి అనేది ఒక తీర్మానం. దానికి సభ ఉంటుంది, పెద్దలుంటారు, కట్టుబాటు ఉంటుంది, మీరినవాడికి తప్పు కట్టించే భయం ఉంటుంది. నూటికి నూరు మంది పాటిస్తేనే వెలి నిలుస్తుంది. అంటే వెలి కూడా ఏకగ్రీవమే. మామూలు రోజుల్లో ఒకరితో ఒకరికి పడని కులాలు మన విషయంలో ఒక్క మెడ అయిపోతాయి. చుండూరులో 1991 ఆగస్టు 6 నాటి హత్యాకాండకి ముందు వారాల్లోనూ సాంఘిక బహిష్కరణ నడిచింది. ఊరు ఒక్కటయిందన్న మాట విన్నప్పుడల్లా పేట ఎందుకు ఉలిక్కిపడుతుందో తెలియాలంటే ఈ చరిత్ర తెలియాలి.

ఈ సంబంధం మేం ఊహించి చెబుతున్నది కాదు. చట్టమే గుర్తించింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఓటు వెయ్యకుండా బెదిరించడాన్ని నేరమంది. 2015లో దాన్ని సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చారు. ఆ సవరణతో దళితుణ్ణి నామినేషన్ వెయ్యకుండా అడ్డుకోవడం, వేసింది ఉపసంహరించుకోమని బలవంతం చెయ్యడం, దళిత అభ్యర్థిని ప్రతిపాదించకుండా ఆపడం నేరాలయ్యాయి. పంచాయతీలో పదవిలో ఉన్న దళితుణ్ణి తన పని చెయ్యనివ్వకపోవడం నేరమయింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణా, దాని బెదిరింపూ నేరమయ్యాయి. ఇవన్నీ ఒకే సెక్షన్‌లో, 3వ సెక్షన్‌లో, పక్కపక్కనే ఉన్నాయి. ఉపసంహరణ పత్రమూ వెలీ ఒకే కుదురు నుంచి వస్తాయని పార్లమెంటు ఒప్పుకుంది. ఒక పక్క ఈ చట్టం ఉండగానే, ఇంకో పక్క ఉపసంహరణలకి నజరానా ప్రకటించడం ఎలాంటి న్యాయం?

పక్క రాష్ట్రాల అనుభవం

తమిళనాడు మధురై జిల్లాలో పాపాపట్టి, కీరిపట్టి, నాట్టార్మంగళం పంచాయతీలు 1996లో దళితులకి రిజర్వయ్యాయి. పదేళ్లపాటు అక్కడ ఎన్నిక నిలవలేదు. నామినేషన్ వెయ్యనివ్వలేదు, లేదా ఆధిపత్య కులాలు తమ మాట వినే దళితుణ్ణి నిలబెట్టి, గెలిచిన వెంటనే రాజీనామా చేయించాయి. 2006లో గానీ సక్రమంగా ఎన్నికలు జరగలేదు. అదే జిల్లా మేలవళవులో రిజర్వుడు సీటులో పోటీ చేసి గెలిచిన పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ని 1997 జూన్ 30న మరో అయిదుగురు దళితులతో పాటు నరికి చంపారు. చెప్పినట్టు విన్నవాడికి రాజీనామా, వినని మురుగేశన్‌కి చావు. రిజర్వేషన్ కాగితం మీద రాసినంత తేలిక కాదని ఈ ఊళ్లు చెబుతున్నాయి.

మహారాష్ట్రలో ఇంకో సంగతి జరిగింది. సర్పంచి పదవికి పాట పెట్టి, హెచ్చు పాట పాడినవాడికి ఏకగ్రీవం కట్టబెట్టారని తేలడంతో, 2021 జనవరిలో ఆ రాష్ట్ర ఎన్నికల సంఘం నాసిక్ జిల్లా ఉమరాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళి ఎన్నికల్ని రద్దు చేసింది. పాట సొమ్ము గుడికే ఇస్తామన్నా ఒప్పుకోలేదు. మన జిల్లాల్లోనూ పాటల కబుర్లు ప్రతి ఎన్నికకీ వింటూనే ఉన్నాం. చెరువు పాటకి, సంత పాటకి అలవాటు పడ్డ ఊళ్లకి పదవి పాట వింతగా అనిపించదు. కానీ చెరువు పాట పాడినవాడు చేపలు పట్టుకుని పెట్టుబడి రాబట్టుకుంటాడు. పదవి పాట పాడినవాడు ఏం పట్టుకుని రాబట్టుకుంటాడు? పాట సొమ్ముతో గుడి కట్టినా, చర్చి కట్టినా ఈ ప్రశ్న పోదు.

పైస్థాయిలో కూడా ఈ ప్రశ్న వచ్చింది. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ సీటు పోలింగే లేకుండా తేలిపోయింది. 2025లో ఇలాంటి ఎన్నికల మీద వేసిన పిటిషన్ విచారణలో, ఒంటరి అభ్యర్థికైనా కనీసం ఇన్ని ఓట్లు రావాలని నియమం పెట్టకూడదా అని సుప్రీంకోర్టు కేంద్రాన్ని అడిగింది. పార్లమెంటు సీటుకి ఇప్పుడు తోచిన సందేహం పేటవాళ్లకి ఎప్పుడో తోచింది.

జవాబు ఎవరికి చెప్పాలి

పోటీ ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? అభ్యర్థి పేటకి రావాలి. ఓటు అడగాలంటే గుమ్మం దగ్గర నిలబడాలి. అప్పుడు మనం శ్మశానం దారి అడుగుతాం. వర్షాకాలంలో పుంతలో మోకాలి లోతు బురదలో శవాన్ని మోసుకెళ్లే సంగతి చెబుతాం. కుళాయి చివర్న ఉన్న మన వీధికి నీళ్లు ఎందుకు ఎక్కవో అడుగుతాం. మురుగు కోడు మన ఇళ్ల వెనకే ఎందుకు తేలుతుందో అడుగుతాం. వాళ్లు మాటిస్తారు. తప్పుతారు కూడా. కానీ తప్పిన మాటని అయిదేళ్ల తర్వాత ఎత్తి చూపించొచ్చు. జవాబుదారీ అంటే మన భాషలో అంతే. ఇచ్చిన మాట ఉండాలి, అడిగే మనిషి ఉండాలి, మళ్లీ అడగడానికి ఒక రోజు ఉండాలి.

ఏకగ్రీవంలో అభ్యర్థి పేటకి రావాల్సిన పని లేదు. మాట ఇవ్వలేదు గనక తప్పేదీ లేదు. ఓడినవాడు లేడు గనక లెక్కలు అడిగే ప్రత్యర్థి లేడు. 2013 తీర్పుతో వచ్చిన నోటాకీ చోటు లేదు, ఓటే లేదు గదా. పైగా మన చట్టంలో జనం నేరుగా ఎన్నుకున్న సర్పంచి మీద అవిశ్వాసం పెట్టే వీల్లేదు, ఉపసర్పంచి మీదే పెట్టొచ్చు. సర్పంచిని తప్పించే అధికారం కలెక్టరుది. జనం నేరుగా ఎన్నుకున్నారు, కాబట్టి మధ్యలో సభ్యులు దించకూడదు అన్నది దాని వెనకున్న న్యాయం. మంచిదే. కానీ జనం ఎన్నుకోనే లేదే! ఎన్నికైనవాడికిచ్చిన రక్షణ అరుగు పంపినవాడికి కూడా దక్కుతోంది.

ఇక మిగిలింది గ్రామసభ. 1994 చట్టం గ్రామసభని తప్పనిసరి చేసింది. పనులు, ఖర్చులు, లబ్ధిదారుల జాబితాలు అక్కడ చదవాలి. సభ ఎక్కడ పెడతారు, దండోరా పేటలో వేశారా, హాజరు పుస్తకం సభలో రాశారా ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించారా అన్నది చాలామంది పట్టించుకోరు. ఎన్నికలో నోరెత్తని ఊరు గ్రామసభలో నోరెత్తుతుందని ఆశించలేం. అడిగే అలవాటు ఒకచోట చస్తే ఇంకోచోట బతకదు.

నజరానా ఇచ్చే ప్రభుత్వం పంచాయతీలకి న్యాయంగా రావాల్సింది ఇచ్చిందా అంటే అదీ లేదు. 2021 తర్వాత ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద మళ్లించారని రాష్ట్రంలో సర్పంచులు పార్టీలతో పని లేకుండా రోడ్డెక్కారు. హక్కుగా వచ్చే డబ్బు ఆగిపోయింది, నోరు మూసుకున్నందుకు ఇచ్చే డబ్బుకి ప్రకటనలొచ్చాయి.

మనవాళ్లే అడిగే ప్రశ్నలు

మనలోనే కొందరు మిత్రులు వేరేగా అంటారు. పోటీ అంటే సారా, డబ్బు, తలలు పగలడం. పేటలో అన్నదమ్ములు విడిపోతారు. పెద్దలు ఒక దళితుణ్ణి, ఇంకో దళితుణ్ణి ఎగదోసి చోద్యం చూస్తారు. మాలలకి మాదిగలకి మధ్య చిచ్చు పెడతారు. దానికంటే ఒక్కమాట మీద ఉండి, ఊరితో బేరం పెట్టి కమ్యూనిటీ హాలో రోడ్డో సాధించుకోవడం నయం కాదా?

ఈ మాటని కొట్టిపారెయ్యం. ఓడిపోయిన అభ్యర్థి అప్పు తీర్చడానికి పిల్లల చదువు మాన్పించిన ఇళ్లు ఉంటాయి. పేటలన్నీ కూర్చుని, ఆడవాళ్లూ కుర్రాళ్లూ మాట్లాడి, మాలా మాదిగా ఇద్దరూ ఒప్పుకుని ఒకర్ని నిలబెడితే మాకు అభ్యంతరం లేదు. అది పూనా ఒడంబడికలో మిగిలి, రాజ్యాంగం వచ్చాక పోయిన మొదటి మాటని మనంతట మనం తిరిగి తెచ్చుకోవడం. కానీ అది పేట ఎంపిక కావాలి, అరుగు ఎంపిక కాకూడదు. తేడా తెలుసుకోడానికి ఒక్క ప్రశ్న చాలు: కాదన్నవాడికి ఏమవుతుంది? కాదన్నవాడు మర్నాడు పనికి వెళ్లగలిగితే, కౌలు నిలిస్తే, కొట్లో సరుకు పుడితే అది ఒప్పందం. కాదంటే ఇవన్నీ పోయేట్టయితే అది వెలికి ముందుమాట.

సారా, డబ్బు సంగతంటారా, వాటికి చట్టాలున్నాయి. 2020లో రాష్ట్రం తెచ్చిన సవరణ మద్యం, డబ్బు పంచి గెలిచినవాడి పదవి పోతుందని, జైలు కూడా ఉంటుందని చెప్పింది. జబ్బుకి మందు వాడాలి. తలనొప్పి పోవడానికి మెడ కోసుకోరు.

మేం అడిగేది

ఏకగ్రీవాల నజరానాలు పూర్తిగా ఆపాలి. ఆ డబ్బు పంచాయతీలన్నిటికీ జనాభా లెక్కన ఇవ్వాలి. రిజర్వుడు స్థానాల్లో ప్రతి ఉపసంహరణనీ ఎన్నికల అధికారి అభ్యర్థితో ఒంటరిగా మాట్లాడి, ఆ మాటలు రాసి, వీడియో తీశాకే ఒప్పుకోవాలి. ఒక్కరే మిగిలిన చోట కూడా ఆ ఒక్కరికీ నోటాకీ మధ్య ఓటు పెట్టాలి. ఏకగ్రీవ పంచాయతీల్లో మొదటి గ్రామసభ పేటలో, కలెక్టరు ప్రతినిధి ఎదుట జరగాలి. బెదిరించి ఉపసంహరింపజేసిన చోట 3వ సెక్షన్ కింద కేసు పెట్టాలి. ఈ సెక్షన్ ఉందన్న సంగతే చాలామంది అభ్యర్థులకి తెలీదు. అది చెప్పాల్సింది మనమే. సంఘాలు నామినేషన్ల రోజుల్లో పేటల్లో ఉండాలి. విద్యార్థులు సెలవు పెట్టుకుని ఆ నాలుగు రోజులు ఊరికి పోవాలి. టీచర్లు నామినేషన్ పత్రం నింపడం నేర్పాలి. పోలింగు రోజు వచ్చే బందోబస్తు ఉపసంహరణ రోజుకి ఎప్పుడూ రాదు. ఆ రోజు పేటలో మనం ఉండాలి.

భీమవరం 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. కలెక్టరు కచేరీ మన దగ్గరికే వచ్చింది. అర్జీ పట్టుకుని ఏలూరు దాకా పోనక్కర్లేదు. కచేరీ దగ్గరయినంత మాత్రాన అరుగు దూరం కాలేదు. వచ్చే ఎన్నికల్లో మన ఊరు ఏకగ్రీవమయిందన్న కబురు వస్తే ముందు మనం అడగాల్సింది, అరుగు మీద ఎవరు కూర్చున్నారని కాదు. కాదన్నవాళ్లు ఎవరు, వాళ్లు ఇవాళ పనిలోకి వెళ్లారా అని.